మస్తాన్‌రావు చెక్కిన రైఫిలు

నిజాంపట్నం రేవులో పడవలు కట్టే మస్తాన్‌రావుకి ఒక గుణం ఉంది. అది మంచిదో చెడ్డదో రేవులో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఇంకొకరి చేతిలో తయారైన వస్తువుని అతను ఇంట్లోకి రానివ్వడు. మంచం తనే చేసుకున్నాడు, తలుపులు తనే బిగించుకున్నాడు, కూతురు దుర్గ పుట్టినప్పుడు ఉయ్యాల కూడా తనే చెక్కాడు. అత్తారిచ్చిన బీరువా జోలికి మాత్రం పోలేదు, అది ఇనప సామాను కాబట్టి. అతని భార్య రత్తాలు రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. వీలుంటే మా ఆయన పెళ్ళాన్ని కూడా తనే చెక్కుకునేవాడని అక్కడి ఆడవాళ్ళని నవ్విస్తూ ఉంటుంది.

ఆవిడ నవ్వులాటకే అంటుంది గానీ, ఆ గుణం నవ్వులాటలో పుట్టింది కాదు. మస్తాన్‌రావు అన్న నాగశివ చీరాల వైపు నుంచి ఒక పాత పడవ కొనుక్కొచ్చాడు. ఇంట్లో పడవలు కట్టే తమ్ముణ్ణి పెట్టుకుని బయట కొనడమేంటని రేవంతా ముక్కున వేలేసుకుంది. తమ్ముడి చేతిలో అప్పటికే వేరేవాళ్ళ పని సగంలో ఉంది, నాగశివకి ఆగే ఓపిక లేదు. రంగేసి అమ్మిన పడవ అడుగు ఎవరు చూశారని మస్తాన్‌రావు చెప్పి చూశాడు. అన్న వినలేదు. ఆ ఏడే ఒక వాయుగుండంలో అడుగుబల్ల విడిపోయి పడవ మునిగింది. పక్క పడవవాళ్ళు మిగతా అందర్నీ లాగారు గానీ నాగశివ దొరకలేదు. అప్పట్నుంచీ మస్తాన్‌రావుది ఒకటే మాట. మనిషి నమ్ముకునే వస్తువు పరాయి చేతిది కాకూడదు, అంతే.

అలాంటివాడి ఇంట్లోకి తుపాకీ వ్యవహారం వచ్చి పడింది.

దుర్గ బాపట్లలో డిగ్రీలో చేరిన ఏడు ఎన్‌సీసీలో కూడా చేరింది. మొదటిసారి రైఫిలు పట్టుకున్న రోజునే ఆఫీసరు ఆ పిల్ల చేతుల వంక చూసి, ఇంకోసారి కాల్చమన్నాడట. రెండోసారీ చెయ్యి వణకలేదు. ఆయనే దుర్గని తెనాలిలో గౌరీశంకరం మాస్టారి దగ్గరికి పంపాడు. మాస్టారు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. కాలవ గట్టు మీద పాత బియ్యం గోడౌను ఒకటి అద్దెకి తీసుకుని పిల్లలకి ఎయిర్ రైఫిల్ నేర్పుతాడు. గాలి ఒత్తిడితో చిన్న సీసం గుండుని పది మీటర్ల అవతలి అట్ట మీదికి వదిలే పోటీ తుపాకీ అది. లైసెన్సు అక్కర్లేదు, దాని చప్పుడుకి చూరు మీది పావురాలు కూడా లేవవు. ప్రతి ఆదివారం దుర్గ రేపల్లె వచ్చి, అక్కడ పాసింజరెక్కి తెనాలి వెళ్ళేది.

పిల్ల కాల్చేది మాస్టారి దగ్గరున్న ఉమ్మడి రైఫిలుతో. ఈ ఆటలో రైఫిలు ఒంటికి కొలిచి కుట్టించుకున్న జాకెట్టులా ఉండాలట. చెంప ఆనే చోటు, భుజం ఆనే చోటు, చెయ్యి పట్టే చోటు ఎవరివి వాళ్ళకే సరిపోతాయి. ఉమ్మడి రైఫిలు మగపిల్లల కొలతకి చేసింది. దాంతోనే దుర్గ జిల్లాలో మొదటి వరసలోకి వచ్చింది. ఇక సొంతది లేకపోతే ఇక్కడే ఆగిపోతుందని మాస్టారు కబురు పెట్టాడు.

కబురు పెట్టడానికి కారణం ఉంది. కార్తీకంలో బాపట్లలో రాష్ట్ర జట్టుకి ఎంపికలు. జూనియర్లలో దుర్గకి అదే ఆఖరి ఏడు. నెగ్గితే హాస్టలూ, శిక్షణా, రైఫిలూ అన్నీ జట్టువాళ్ళవే. నెగ్గకపోతే సీనియర్లలో ఎవరి తిప్పలు వాళ్ళవి. ఎవరి తిప్పలు వాళ్ళవంటే రేవులో పుట్టిన ఆడపిల్లకి అర్థం ఒకటే, అమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలవడం. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనుకోలేదు గానీ ముగ్గురికీ తెలుసు.

మస్తాన్‌రావు తెల్ల చొక్కా వేసుకుని తెనాలి వెళ్ళాడు. అక్కడ మాస్టారితో పాటు వాగ్దేవి గారనే ఆవిడ కూడా ఉంది. బాపట్లలో కాలేజీ లెక్చరరు. ఆవిడ కూతురు కౌముది దుర్గతో పాటే నేర్చుకుంటోంది. కౌముదికి కొత్త రైఫిలు కొన్నారు, పాతది ఖాళీగా ఉంది. కౌముదీ దుర్గా ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు పొడుగు. డబ్బు సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు, ముందు పిల్లని అలవాటు పడనివ్వండని ఆవిడ మంచి మనసుతోనే చెప్పింది. మాస్టారు దాన్ని తీసి దుర్గ చేతికిచ్చాడు. దుర్గ భుజానికి ఆన్చి, చెంప పెట్టి, అట్ట వంక చూసింది.  దించడానికి కొంచెం ఆలస్యం చేసింది.

ఆ ఆలస్యం మస్తాన్‌రావు చూశాడు. చూసి కూడా తల పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపే అతని ఖర్మ బీరువాలో నిలబడి ఉంది. అది మాస్టారు వయసులో ఉన్నప్పుడు వాడిన జర్మనీ రైఫిలు. గొట్టం, గాలి సిలిండరు, ట్రిగ్గరు మెరుస్తున్నాయి. చెక్క భాగాన్ని మాత్రం చెదలు తినేశాయి. మస్తాన్‌రావు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేలితో నొక్కితే చెక్క పిండిలా రాలింది. ఇనుముకి ఒంట్లో ఏ జబ్బూ లేదు, మంచి ఒళ్ళు కావాలంతే అనుకున్నాడు. ఈ మాట అతను పైకే అన్నాడని తర్వాత మాస్టారు చెబుతాడు.

కొనాలా, కట్టాలా అన్న తర్కం గోడౌనులో మొదలై ఇంటిదాకా వచ్చింది. నిజానికి అది తర్కం కాదు, పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న వరస. మాస్టారు మొదట వద్దన్నాడు, రైఫిలు చెక్క చెయ్యడానికి వేరే పనివాళ్ళుంటారన్నాడు. మస్తాన్‌రావు బల్ల మీద నుంచి చెక్కపేడు ఒకటి తీసుకుని, జేబులో చాకుతో గొట్టం వంపుకి సరిపడా అక్కడికక్కడే చెక్కి చూపించాడు. వెంట్రుక దూరే సందు లేదు. మాస్టారికి కళాపోషణ ఎక్కువ. ఆ పేడు చేతిలో తిప్పి తిప్పి చూసి మెత్తబడిపోయాడు. వాగ్దేవి గారు మీ ఇష్టమండి అని ఊరుకుంది. దుర్గని అడిగినవాళ్ళు లేరు.

ఇంట్లో అడ్డం పడింది రత్తాలు ఒక్కతే. అన్నం వడ్డిస్తూ, మొహం చూడకుండా అంది.

"ఆ కౌముదమ్మగారిది తీసుకోరాదా? పిల్ల అట్ట మీద గుండు పేలుస్తది గానీ సముద్రం మీదికి పోద్దా ఏంటి?"

మస్తాన్‌రావు తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. చెప్పడానికి అతని దగ్గర అన్న సంగతి తప్ప ఇంకేమీ లేదు. ఆ పేరు అన్నం దగ్గర తీస్తే రత్తాలు ఏడుస్తుందని ఊరుకున్నాడు. భయాన్ని మనం పట్టుదల అని పిలుచుకుంటాం. పిలుచుకోవడానికి బాగుంటుంది, పక్కవాళ్ళు నోరెత్తరు.

ఆ మర్నాడే పని మొదలుపెట్టాడు. రేవు పక్క పాయలో, ఉప్పునీళ్ళ బురదలో నానేసి ఉంచిన మద్ది దిమ్మ ఒకటి తీశాడు. పడవల వడ్రంగులు మంచి చెక్కని అలాగే దాస్తారు. బురదలో నానిన చెక్కకి పురుగు రాదు, పగులు రాదు. ఆరబెట్టి, కోసి, దుర్గని కాల్చేటప్పుడు తొడిగే దళసరి కోటు వేసుకుని నిలబడమని జానలతో, బెత్తలతో కొలతలు తీశాడు. పిల్ల నిలబడి నిలబడి కాళ్ళు పీకి విసుక్కుంటే, నీ ఉయ్యాలకైనా ఇంత కొలవలేదు ఊరుకోవే అన్నాడు. ఆ రోజుల్లో అతని మొహం చూడాల్సిందే. రేవులో పనిచేస్తున్నంతసేపూ అతను ఏ పాటో కూనిరాగం తీస్తూ ఉంటే రత్తాలు కూడా మెత్తబడింది.

ఇక్కడ పడవల సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొత్త పడవ నీళ్ళలో దించిన రోజు కారుతుంది. కారాలి కూడా. తెలిసిన వడ్రంగి బల్లకీ బల్లకీ మధ్య రవ్వంత సందు వదిలి, అందులో నూలు కూరి గుగ్గిలం పోస్తాడు. తర్వాత పడవని పాయలో ముంచి ఉంచుతారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి, బల్లలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టు ఏ మేకుకీ రాదు. సందు వదలకుండా బిగించినవాడి పడవ ఉబ్బినప్పుడు బల్లలే చీలతాయి. అందుకని ఆ సందు పనితనానికి గుర్తు, తండ్రి కొడుక్కి నేర్పే మొదటి పాఠం అదే.

మస్తాన్‌రావు రైఫిలుకీ అదే చేశాడు. గొట్టం కూర్చునే గాడిని రవ్వంత వదులుగా తీసి, నూలు పరిచి, గుగ్గిలం పోసి ఇనుముని కూర్చోబెట్టి మరలు బిగించాడు. రాత్రి తేమకి చెక్క ఉబ్బి ఇనుముని కావలించుకుంది. తెల్లారి లాగి చూస్తే ఇంచు కదల్లేదు. సముద్రానికి అంత దగ్గర్లో గాలే సగం నీళ్ళు. ఉప్పు తిన్న చెక్క ఆ గాలిని తాగి మరింత బిగుసుకుంది.

దుర్గ దాన్ని మొదటిసారి తెనాలి తీసుకెళ్ళింది మంచి వానల్లో. కాలవ పక్క గోడౌను, రేకుల మీద వాన, గోడలు చెమ్మ. ఆ రోజు దుర్గ అట్ట చూసి మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గుండ్లన్నీ ఒకే చిల్లులోంచి దూరినట్టున్నాయి. తర్వాతి వారాల్లో కౌముదిని దాటింది, మాస్టారి పాత రికార్డుని దాటింది. చెరుకుపల్లి నుంచి ఎవరో వచ్చి మా అబ్బాయికీ ఇలాంటిది చేసిపెట్టండని అడిగారు. ముందు పిల్ల నెగ్గనివ్వండని మస్తాన్‌రావు కొంచెం బెట్టు చేశాడు. జీవితంలో బెట్టు చేసిన రోజులు అతనికి అవి తప్ప వేరే లేవు.

ఎంపికలు బాపట్లలో ఒక కాలేజీవాళ్ళు కొత్తగా కట్టిన ఏసీ హాల్లో పెట్టారు. ముందు రోజు సాయంత్రమే రైఫిళ్ళు తనిఖీ చేసి, ముద్రలు వేసి, ఆ హాల్లోనే గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. మర్నాడు పొద్దున్న మస్తాన్‌రావూ మాస్టారూ చూసేవాళ్ళ కుర్చీల్లో కూర్చున్నారు. ముందు తాడు కట్టి ఉంది. తాడు దాటకూడదు, పిల్లలతో మాట్లాడకూడదు. ప్రతి పిల్ల గుండూ ఎక్కడ తగిలిందో పైన తెర మీద చుక్కలా పడుతుంది.

మొదట్లో దుర్గ చుక్కలన్నీ నడిమధ్యనే పడ్డాయి. మాస్టారు మస్తాన్‌రావు మోకాలి మీద తట్టాడు. కాసేపయ్యాక ఒక చుక్క కిందికి జరిగింది. తర్వాతది పక్కకి జరిగింది. పిల్ల కంగారు పడిందేమోనని మాస్టారు గొణిగాడు. మస్తాన్‌రావు కూతురి భుజాలు చూశాడు, మోచెయ్యి చూశాడు. కంగారేం లేదు. చుక్కాని పట్టిన పడవవాడిలా నిలబడి ఉంది.

అప్పుడు నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. పెదాలు పొక్కుకట్టి ఉన్నాయి. వేలి కణుపులు చూసుకుంటే తెల్లగా పొడిబారి ఉన్నాయి. హాలు చల్లగా ఉంది, కానీ ఆ చల్లదనంలో చుక్క నీరు లేదు. రాత్రంతా ఆ గదిలో పెట్టిన చెక్క సంగతి అతనికి ఒక్కసారిగా తట్టింది. చెక్క ఎండింది. ఎండి ఇనుముని వదిలేసింది. గుండు పేలినప్పుడల్లా గొట్టం గాడిలో రవ్వంత జరుగుతోంది. సముద్రమంతా చూసినవాడు ఏసీ ఒక్కటి చూడలేదు. పక్కన కూర్చున్న మాస్టారు జీవితమంతా ఫిజిక్సు చెప్పినవాడు. ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఊహ రాలేదు.

దుర్గ చెయ్యెత్తింది. జడ్జి వచ్చాడు. రైఫిలు వదులైందని చెప్పింది. లైను వెనక బల్ల దగ్గర సరిచేసుకోవచ్చు గానీ గడియారం ఆగదన్నాడు జడ్జి. మాస్టారినీ తండ్రినీ బల్ల దాకా రానిచ్చారు. మస్తాన్‌రావు మరలు బిగించాడు. బిగిశాయి గానీ లోపల గాడి గాడిలాగే ఉంది. బొటనవేలితో నొక్కితే ఆ కదలిక అతనికి తెలిసింది. నూలు కూరడానికి వేళ లేదు, గుగ్గిలం పోయడానికి నిప్పు లేదు. ఈ చెక్కకి కావలసింది నీళ్ళు, నీళ్ళు తాగడానికి దానికి ఒక రాత్రి కావాలి. మంచినీళ్ళ సీసా బల్ల మీదే ఉంది. దాని వంక చూశాడు గానీ చెయ్యి వెయ్యలేదు. ముప్పై ఏళ్ళుగా అన్నం పెట్టిన చేతులు ఆ బల్ల మీద ఊరికే పడి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలీక ఏడుపొచ్చింది అతనికి.

వాగ్దేవి గారు తాడు అవతలి నుంచి మాస్టారిని పిలిచింది. కౌముది పాత రైఫిలు కూడా తోడు ఉంటుందని తెచ్చి తనిఖీ చేయించారు, ముద్ర కూడా ఉంది, గదిలోనే ఉంది. మాస్టారు జడ్జినడిగాడు. ముద్ర ఉంటే మార్చుకోవచ్చన్నాడు జడ్జి. మాస్టారు మస్తాన్‌రావు వంక తిరిగాడు. దుర్గ కూడా తండ్రి వంకే చూసింది.

ఏళ్ళ తరబడి కట్టుకున్న మాట మస్తాన్‌రావు నోట్లో క్షణం కూడా నిలబడలేదు.

"తీసుకో అమ్మా. అది తీసుకో."

దుర్గ గదివైపు చూసింది, గడియారం వైపు చూసింది. గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇప్పుడు కాదు నాన్నా. దాని బరువు నా చేతికి తెలీదు. అప్పుడే తీసుకునుంటే ఈపాటికి తెలిసుండేది."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే మస్తాన్‌రావుకి కొంత తేలికయ్యేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని ఊరికే అనలేదు పెద్దలు. అతను ఆకులిచ్చాడు, కాలిన చెయ్యి మాత్రం కూతురిది.

దుర్గ తండ్రి చేసిన రైఫిలునే ఎత్తుకుని లైనుకి వెళ్ళిపోయింది. మస్తాన్‌రావు మళ్ళీ తాడు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పిల్ల ఏం చేస్తోందో కొంతసేపటికి అతనికి అర్థమైంది. గుండు ఎటు జరిగితే దానికి ఎదురు పట్టి కాలుస్తోంది. కారే పడవలో నీళ్ళు తోడుకుంటూ ఒడ్డుకి రావాలని చూసేవాళ్ళు అలాగే చేస్తారు. కొన్ని చుక్కలు మధ్యకి వచ్చాయి. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతలో గొట్టం ఇంకో పక్కకి జరిగి, ఎదురు పట్టిన గుండు మరీ దూరం పోయింది. ప్రతి గుండుకీ మస్తాన్‌రావు తన కుర్చీ అంచు పట్టుకుని బిగిస్తూనే ఉన్నాడు. అక్కడ బిగించడానికి ఏమీ లేదని తెలిసి కూడా వదల్లేకపోయాడు.

గంట కొట్టారు. కౌముది జట్టులోకి వెళ్ళింది. ఆఖరున తీసుకున్న పిల్లకీ దుర్గకీ మధ్య తేడా ఒక మంచి గుండు పాటి లేదు. కౌముది వచ్చి దుర్గని కావలించుకుని ఏడ్చింది. దుర్గే ఆ పిల్ల వీపు నిమిరింది. మాస్టారు మస్తాన్‌రావు చెయ్యి పట్టుకుని, నేను కాదనాల్సింది, ఫిజిక్సు చదువుకున్నవాణ్ణి నేను కదా అని ఏదో అన్నాడు. మస్తాన్‌రావు వింటున్నట్టు తలాడించాడు. రత్తాలు షెడ్డు నుంచి రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ కోప్పడదు, అన్నం తిన్నారా అని అడుగుతుంది. అది ఇంకా కష్టం.

బాపట్ల బస్టాండులో తండ్రీ కూతుళ్ళు సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. కర్లపాలెం మీదుగా పోయే బస్సు రావాలి. రైఫిలు పెట్టె ఇద్దరి మధ్యా ఉంది. దుర్గ టీ తెచ్చిచ్చింది. అతను గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు గానీ తాగలేదు. పిల్ల ఒక్కమాట అంటే బాగుండును అనిపించింది. అమ్మ చెప్పినా వినలేదనో, నన్నెందుకు అడగలేదనో. ఆ పిల్ల ఎదురు ప్లాట్‌ఫారం మీద బోర్డులు చదువుతూ కూర్చుంది.

చివరికి ఉండబట్టలేక అతనే అన్నాడు.

"తిట్టవే దుర్గమ్మా. నోరారా తిట్టు."

దుర్గ అప్పుడు తండ్రి వంక తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం నెమ్మదిగానే వచ్చింది.

"ఏమని తిట్టను నాన్నా? నువ్వు పడవ చేశావు. బాగానే చేశావు."

మస్తాన్‌రావు గ్లాసు కింద పెట్టేశాడు. ఇంతమంది పడవలు కట్టించుకుని ఇంతమంది మెచ్చుకున్నారు గానీ, ఏ మెచ్చుకోలూ అతన్ని అంత లోతుగా పొడవలేదు. ఆ పిల్ల ఆ మాట దెప్పడానికి అనలేదు, నిజంగానే చెప్పింది.  రేపట్నుంచి ఏం చేస్తావని అడుగుదామనుకున్నాడు. జవాబు తనకే తెలుసు కాబట్టి అడగలేదు. వచ్చే వారం షెడ్డులో మనుషులు కావాలని రత్తాలు నాలుగు రోజుల నుంచీ చెబుతూనే ఉంది.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. పెట్టె తను తీసుకుందామని మస్తాన్‌రావు చెయ్యి చాపాడు. అప్పటికే దుర్గ దాన్ని భుజాన వేసుకుంది. నేను మోస్తాలే నాన్నా, నువ్వు జాగ్రత్తగా ఎక్కు అని ముందుకి నడిచింది. అతను కూతురి వెనకే ఖాళీ చేతులతో ఎక్కాడు.